అరుగు ఎవరి లెక్కలో ఉంది?

పోయిన ఆగస్టులో ఒక రాత్రి కురిసిన వానకు మా వంటింట్లోకి నీళ్లొచ్చాయి. పెద్ద వానేం కాదు. పెద్ద వానంటే ఏంటో 2009 చూసిన కర్నూలు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది గంట సేపు పడి వెళ్లిపోయిన వాన. తెల్లారి నాలుగున్నరకు లేచి లైటు వేస్తే బియ్యం డబ్బా చుట్టూ నీళ్లు, నీళ్ల మీద తేలుతూ ఒక చెప్పు. ఆ చెప్పు మా ఇంట్లో ఎవరిదీ కాదు.

మాది తూర్పు వాకిలి. ఆగ్నేయంలో వంటిల్లు, అంటే వీధి పక్కనే. 2010లో కట్టుకున్నాం. అంతకు ముందు ఏడాదే వరద చూసి ఉన్నాం కాబట్టి మేస్త్రీతో పోట్లాడి రోడ్డు కంటే రెండడుగులు ఎత్తు లేపించాం. ఈ పదిహేనేళ్లలో మా వీధికి మూడు సార్లు రోడ్డు పడింది. ప్రతిసారీ పాత దాన్ని తవ్వి తీయకుండా దాని మీదే కొత్తది పోశారు. రోడ్డు వచ్చిందని ప్రతిసారీ సంతోషించి టీ కూడా కాచిచ్చినదాన్ని నేనే. ఇప్పుడు మా గడపా రోడ్డూ ఒకే మట్టంలో ఉన్నాయి.

ఎదురు స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. వాళ్లు మమ్మల్ని చూసి జాగ్రత్తపడి మూడున్నర అడుగుల బేస్‌మెంట్ లేపారు. బండి ఎక్కాలంటే ర్యాంపు కావాలి కదా, అది కాలువ మీదుగా రోడ్డు మీదికి వచ్చింది. కాలువ మూతపడింది. వాళ్ల మిద్దె మీద పడిన నీళ్లు పైపులో దిగి, ర్యాంపు మీద జారి, నేరుగా మా వాకిట్లోకి వస్తాయి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎదురింటి ఆపా మొన్న రంజాన్‌కు షీర్ ఖుర్మా ఇచ్చినామె. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ఆ పక్క స్థలం వాళ్లు కట్టే రోజుకు నాలుగున్నర అడుగులు లేపుతారు, అప్పుడు ఆపా ఇంట్లోకి నీళ్లొస్తాయి. ఎవరి ఇంటిని వాళ్లు కాపాడుకోవడంలో పక్కింటిని ముంచుతున్నాం. ఈ వీధిలో ఇల్లు ఎంత ఎత్తు ఉండాలి, రోడ్డు ఎంత ఎత్తు దాటకూడదు, ర్యాంపు ఎక్కడ ఆగాలి, ఈ మూడు మాటలూ వీధిలో వాళ్లంతా కూర్చుని ఒక్కసారి అనుకోగలిగితే పోయే బాధ ఇది. కానీ అట్లా అనుకునే చోటు మనకు లేదు.

మనకు ఇంటి రూల్సు పట్టవని కాదు. వాస్తు చూడండి. ఈశాన్యంలో బరువు పెట్టకూడదని, వీధిపోటు ఉండకూడదని ఇంటింటా మాట్లాడుకుంటాం. అత్తగారు, ఆడపడుచు, మేనమామ, తాపీ మేస్త్రీ అందరూ తలా ఒక మాట వేస్తారు. మా ఆడపడుచు వాళ్ల ఇంట్లో మెట్లు ఒక్క అడుగు జరపడానికి ఆరు నెలలు చర్చ నడిచింది. అదే మున్సిపాలిటీ రూల్సు గురించి అడగండి, "అది ఇంజనీరు చూసుకుంటాడు" అంటాం. ప్లాను గీసే అబ్బాయి సంతకం పెట్టించుకుపోతాడు. అందులో చూపించింది ఒకటి, మనం కట్టేది ఇంకొకటి.

ఆ రూల్సు ఏంటో చూద్దామని మా అబ్బాయి చేత ఫోన్‌లో తీయించాను. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్, 2017 మార్చి 28న వచ్చిన 119వ నంబరు జీవో. అంతకు ముందు 2012లో వచ్చిన 168వ నంబరు జీవో నడిచేది. అంతా ఇంగ్లీషు. తెలుగు బి.ఏ. చదివిన నాకు మూడు సార్లు చదివితే గానీ ఒక పట్టిక అర్థం కాలేదు. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత, దాన్ని బట్టి ముందు ఎంత వదలాలి, పక్కల ఎంత వదలాలి, ఎంత ఎత్తు లేపచ్చు అని గళ్లు గళ్లుగా ఉంది. మాలాంటి చిన్న స్థలాలకు ఇంటి ముందు ఒకటిన్నర మీటరు వదలమంటుంది. వాన నీళ్లు ఇంకే ఏర్పాటు చేయమంటుంది. చెడ్డ మాటలేం కావు. కాకపోతే ఆ పట్టిక విశాఖపట్నానికీ అదే, కడపకూ అదే. సముద్రం పక్కన ఉక్కపోసే ఊరికీ, మేలో 44, 45 డిగ్రీలు కాసే మన రాళ్ల సీమకూ గాలి ఒకటేనా? ఎండ ఒకటేనా?

మా జేజి వాళ్ల ఇల్లు జమ్మలమడుగు పక్కన పల్లెలో ఉండేది. మూరెడు మందం రాతి గోడ. పైన వేప దూలాలు, దంతెలు, వాటి మీద ఆకు పరిచి మట్టి వేసి, ఆ పైన చవుడు తొక్కించిన మిద్దె. గదికొక గవాచి. పొద్దున మూత తీస్తే వెలుతురు స్తంభంలా దిగేది, వాన వస్తుంటే "గవాచి మూయండే" అని జేజి కేక. వేసవిలో మిట్టమధ్యాహ్నం ఊరంతా నిప్పులు చెరుగుతుంటే లోపల ఒట్టి నేల మీద పడుకునేవాళ్లం, ఫ్యాను లేకుండానే. పక్కింటి మిద్దె మా మిద్దెను ఆనుకునే ఉండేది కాబట్టి మిరపకాయలు ఆరబోసిన ఆడవాళ్లు ఇటు నుంచి అటు నాలుగిళ్ల దాకా నడిచిపోయేవాళ్లు. వీధి వైపు నాపరాయి పరిచిన అరుగు. జేజి రోజులో సగం ఆ అరుగు మీదే. బియ్యం ఏరడం, చింతపండు గింజ తీయడం, పోయే వచ్చే వాళ్లను "యాడికి పోతాండావు మే" అని పలకరించడం.

ఆ ఇల్లే మళ్లీ కట్టాలని నేననను. మట్టి మిద్దె ఏటేటా చవుడు వేయించుకోలేక, ఉరిస్తే గిన్నెలు పెట్టి పెట్టి మా జేజి పడిన కష్టం చూసినదాన్ని. గాలివానకు గోడ కూలి మనిషి పోయిన ఇల్లు కూడా ఆ వీధిలో ఉంది. పైగా ఆ అరుగు అందరి కోసం కాదు. ఎవరు పైన కూర్చోవచ్చు, ఎవరు కింద నిలబడి మాట్లాడాలి అన్నది ఆ రాయికి తెలుసు. కానీ ఆ ఇల్లు ఎవరో అమరావతిలోనో అంతకు ముందు హైదరాబాదులోనో కూర్చుని గీసింది కాదు. అక్కడ దొరికే రాయి, అక్కడ కాసే ఎండ, అందులో బతికే ఆడదాని పని, మూడూ తెలిసినవాళ్లు కట్టింది. అంతవరకైనా మనం ఇప్పుడు చేయలేమా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే ఇంట్లో ఎక్కువ గంటలు గడిపేది మనం. ఏ గోడ పడమటి ఎండకు పెనంలా కాగుతుందో, ఏ కిటికీ తీస్తే పక్కింటి బాత్రూం గోడే కనబడుతుందో మనకు తెలుసు. నల్ల నాపరాయి బయట పరిస్తే మధ్యాహ్నం రెండింటికి బట్టలు తీయడానికి పోయిన కాళ్లు ఎట్లా కాలుతాయో ప్లాను గీసిన అబ్బాయికి తెలియదు. రెండు పక్కలా ఆరడుగుల కాంపౌండు గోడలు లేచిన సందులో రాత్రి ఎనిమిదికి ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్ల ఎందుకు పరుగెత్తుతుందో కూడా తెలియదు. అరుగులు ఉన్న వీధిలో ఎవరో ఒకరు చూస్తూ ఉండేవాళ్లు. ఇప్పుడు సీసీ కెమెరా చూస్తోందంటున్నారు. కెమెరా "ఎవర్రా నువ్వు" అని అడగదు కదా.

పేదల ఇళ్ల సంగతి ఇంకా విచిత్రం. 2020 డిసెంబరులో మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పట్నాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలం ఇచ్చారు. పట్టాలన్నీ ఆడవాళ్ల పేరు మీదే. అది చిన్న విషయం కాదు, తరతరాలుగా ఇంటి కాగితం మీద పేరు లేని ఆడవాళ్లకు అది వచ్చింది. అంతకు ముందు నుంచి కడుతున్న టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల లెక్కన, మన కర్నూలు జగన్నాథగట్టు మీద కూడా బారులు బారులుగా లేచాయి. అవి ఇటుక గోడలు కావు, పోత పోసిన కాంక్రీటు గోడలు. త్వరగా లేస్తాయి, గట్టిగా ఉంటాయి. పగలంతా తాగిన ఎండను రాత్రి లోపలికి వదలడం కూడా కాంక్రీటు గుణమే. ఏ పార్టీ హయాంలో ఏది వచ్చిందన్నది నాకిక్కడ ముఖ్యం కాదు. రెండింటిలోనూ పట్టా ఆడమనిషి పేరున, ప్లాను మాత్రం ఆమెను అడగకుండా వచ్చింది. ఒక్క పూట కూర్చోబెట్టి "అమ్మా, ఈ 340 అడుగుల్లో పొయ్యి ఎక్కడ, బిందెలు ఎక్కడ, ముసలామె మంచం ఎక్కడ?" అని అడిగి ఉంటే వాళ్లు ఇంజనీర్లకు పాఠం చెప్పేవాళ్లు.

నీళ్ల సంగతి మళ్లీ ఎత్తక తప్పదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. అప్పుడు మేం పాత ఊళ్లో అద్దెకు ఉండేవాళ్లం. పెళ్లినాటి పట్టుచీరలు, మా అబ్బాయి ఊయల, బి.ఏ. పుస్తకాలు అన్నీ పోయాయి. నీళ్లు తీశాక గోడల మీద మిగిలిన బురద గీత చాలా కాలం అట్లాగే ఉండింది, తరువాత సున్నాలు వేసుకుని చెరిపేసుకున్నాం. కడపలో బుగ్గవంక 2001లో పొంగింది, మళ్లీ 2021 నవంబరులో పొంగింది. అదే నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏ వీధిలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో చెప్పగలిగే మనుషులు ఆ వీధుల్లోనే ఉన్నారు. వంకకు ఎంత దూరంలో కట్టకూడదో కాగితం మీద ఉంటుంది. ఆ కాగితం తెలియక, తెలిసినా తక్కువ ధరకు వస్తోందని, వంక పక్కనే ప్లాటు కొనేది మనమే. ఆ వీధి ముసలామెను ఒక్క మాట అడిగి కొనుంటే తెలిసేది.

మరి అడిగే పద్ధతి చట్టంలో లేదా అంటే, ఉంది. 1992లో చేసి 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 3 లక్షలు, అంతకు పైబడి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలి. కర్నూలు, కడప రెండూ 2011 లెక్కల నాటికే ఆ గీత దాటాయి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీలో ఎంతమందికి తెలుసో చెప్పండి చూద్దాం. అసలు మా కర్నూలులో 2010 నుంచి 2021 దాకా కార్పొరేషన్‌కు ఎన్నికలే లేవు. 1953లో గుడారాలు వేసి రాష్ట్ర రాజధానిని నడిపిన ఊళ్లో, పదకొండేళ్లు కాలువ పూడిక తీయమని అడగడానికి ఒక కార్పొరేటర్ లేడు. మాస్టర్ ప్లాను ముసాయిదా చేసినప్పుడు అభ్యంతరాలు, సూచనలు తెలపమని పేపర్లో ప్రకటన వేస్తారు. చూసే ఉంటారు, టెండరు ప్రకటనల పక్కన చీమతలకాయలంత అక్షరాలు. మ్యాపు ఆఫీసులో చూసుకోవచ్చు, పని వేళల్లో. పని వేళలంటే ఎవరి పని వేళలు? పదకొండింటికి నేను కుక్కరు దించుతుంటాను.

ఇంగ్లండులో 2011లో ఒక చట్టం తెచ్చారు. ఒక ప్రాంతం వాళ్లు తమ చోట కొత్త ఇళ్లు ఎట్లా రావాలో తామే ప్రణాళిక రాసుకుని, ఆఖరున ఓటు వేసి ఒప్పుకోవచ్చు. ఆ ఓటు మొదట జరిగింది 2013 మార్చిలో, అప్పర్ ఈడెన్ అనే కొండల పక్క పల్లెల్లో. ఓటు వేసినవాళ్లలో పదికి తొమ్మిది మంది సరే అన్నారు. వాళ్ల బాధ ఏంటంటే పిల్లలకు ఊళ్లో ఇల్లు దొరకక వెళ్లిపోతున్నారని. గెలిచాక అక్కడి ప్రణాళిక అధికారులు దాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. అంత దూరం ఎందుకు, మన పక్కనే తెలంగాణ 2023లో చల్లటి పైకప్పుల విధానమని తెచ్చింది. 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టమైతే. మిద్దె మీద సున్నం కొట్టడం మన జేజిలకు తెలిసిన విద్యే, ఇప్పుడు అది విధానం అయింది. హైదరాబాదు కంటే ఎండ ఎక్కువ కాసే మన దగ్గర ఆ మాట ఎత్తేవాళ్లు లేరు.

మన దగ్గర ఎక్కడ కూర్చోవాలి అన్నది నాకు పెద్ద ప్రశ్న అనిపించదు. నెలనెలా కూర్చుంటూనే ఉన్నాం. మెప్మా పొదుపు సంఘాలు ప్రతి వార్డులో ఉన్నాయి. పది మంది ఒక సంఘం, సంఘాలన్నీ కలిసి ఒక సమాఖ్య. అప్పు ఎవరికి, కంతు ఎవరు కట్టలేదు, ఇదంతా రూపాయి తేడా లేకుండా లెక్క చూసే ఆడవాళ్లు వీధి మట్టం లెక్క చూడలేరా? 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. వాటిలో ప్లానింగ్ సెక్రటరీ అని ఒకరు ఉంటారు, ఇళ్ల ప్లాన్ల పని చూసేది వాళ్లే. సంఘం మీటింగుకు ఏడాదికి రెండు సార్లు ఆ సెక్రటరీ వచ్చి కూర్చుంటే చాలు. రాష్ట్రం రూలు రాష్ట్రానిదే ఉండనీ. దాని కింద వార్డుకొక పేజీ, తెలుగులో. ఈ వీధికి ఒప్పుకున్న మట్టం ఇది. కొత్త రోడ్డు వేసే ముందు పాతది గీకి తీయాలి. ర్యాంపు గేటు లోపలే ఆగాలి. పడమటి గోడకు నీడ ఉండాలి, చెట్టయినా సరే, సజ్జ అయినా సరే. ముందు వదిలే ఒకటిన్నర మీటరులో ఇద్దరు కూర్చునే అరుగుకు చోటు. లేఅవుట్లలో వదిలే పది శాతం ఖాళీ స్థలం ఎక్కడ రావాలో కూడా మనల్ని అడగాలి. ఇప్పుడైతే ఎవరూ కొనని మూల ముక్కే ఎక్కువగా దానికి మిగులుతోంది.

దీనికి మా ఇంట్లోనే అడ్డుమాట వచ్చింది. మా వారు అన్నారు, "వీధి వాళ్లకు పెత్తనం ఇస్తే మొదట చేసేది ఎవరిని రానియ్యకూడదో రాసుకోవడం." కాదనలేకపోయాను. మాంసం వండేవాళ్లకు అద్దెకివ్వం, ఫలానా వాళ్లకు స్థలం అమ్మం అని మాట్లాడుకునే లేఅవుట్లు నాకూ తెలుసు. అందం కోసమని పెట్టిన రూలు పూలమ్మే ఆమె బండికి చోటు లేకుండా చేయగలదు. అందుకే ఆ పేజీలో మట్టం, నీడ, నీళ్లు, దారి, వెలుతురు తప్ప మనుషుల సంగతి రాకూడదు. ఎవరు ఉండాలన్నది వీధి తేల్చే విషయం కాదు. మీటింగులో సొంత ఇళ్లవాళ్లే కాదు, అద్దెకున్నవాళ్లు, పక్క బస్తీ ఆడవాళ్లు కూడా ఉండాలి. వాన నీళ్లు పల్లానికే పోతాయి. పల్లంలో ఉన్నవాళ్లు లేకుండా కాలువ గురించి తీర్మానం చేస్తే అది ఇంకో ర్యాంపు అవుతుంది.

వంటింట్లో నీళ్లు ఎత్తిపోసిన తరువాతి వారం మేం తొమ్మిది మందిమి సచివాలయానికి పోయాం. ప్లానింగ్ సెక్రటరీ మా అబ్బాయి కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో, చిన్న పిల్ల. కుర్చీలు చాలక తాను లేచి నిలబడింది. అంతా విని, "రూలు మార్చడం నా చేతిలో లేదక్కా. కానీ ఇంత వరకు ఈ పని మీద గుంపుగా వచ్చినోళ్లు మీరే. ఎప్పుడైనా పక్కోళ్ల మీద కంప్లయింట్ ఇచ్చేదానికే వస్తారు" అంది. ఆ మాటకు మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఇద్దరు నిజంగానే ఆపా ర్యాంపు మీద కంప్లయింట్ రాసి తెచ్చారు. సంచిలో నుంచి బయటికి తీయలేదు. ఆపా మాతో పాటే వచ్చింది, మరి.

ఆ అమ్మాయే ఒక ఉపాయం చెప్పింది. ఒట్టి మాటలతో రాకుండా కొలతలతో రండి, నేను పైకి పంపిస్తాను, మాస్టర్ ప్లాను మీద సూచనలు అడిగినప్పుడు కూడా పనికొస్తుంది అని. దాంతో ఒక ఆదివారం టైలరు టేపు పట్టుకుని వీధిలో ఇరవై మూడు ఇళ్లు కొలిచాం. రోడ్డు నుంచి గడప ఎంత, పోయిన వానకు నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి, 2009లో ఎక్కడి దాకా అని. నోటుబుక్కులో నేను రాశాను, దస్తూరీ బాగుంటుందని. చివరింటి అవ్వకు ఎనభై దాటాయి. 2009 గీత ఎక్కడ అని అడిగితే చేత్తో గోడ తడుముతూ పోయి, సున్నం పొరల మీదే ఒక చోట వేలు పెట్టి ఆపింది. "ఈడికి" అంది. అక్కడ మసిబొగ్గుతో గీత గీశాం. కొడుకు కొత్తగా రంగు వేయించిన గోడ, సాయంత్రం చూసి ఏమంటాడో అని మేం భయపడ్డాం. అవ్వ మాత్రం "ఉండనీ మే, నేను చెప్తాలే" అని అరుగు మీద కూర్చుంది. మా వీధిలో మిగిలిన ఒక్క అరుగూ అదే.